నాన్న రికార్డర్ టకటకమంటోంది: హార్డ్‌డిస్క్‌లో ఉన్నవి బయటికి తీయడం ఎలా?

#1 టేపుల_పెట్టె

అందరికీ నమస్కారం. కొత్తగా చేరాను. తప్పు విభాగంలో పెట్టి ఉంటే మార్చేయండి.

ఇంట్లో ఒక డీవీడీ రికార్డర్ ఉంది, లోపల 160 జీబీ హార్డ్‌డిస్క్ ఉండే రకం. నాన్న 2006లో కొన్నారు. మా చిన్నప్పటి వీడియో8 క్యామ్‌కార్డర్ టేపులన్నీ రోజుకి కొన్ని చొప్పున కూర్చుని దాంట్లోకి ఎక్కించారు. ఆ తర్వాత టేపులకు బూజు పట్టింది, పారేశాం. కాబట్టి ఇప్పుడు అవన్నీ ఉన్నది ఆ పెట్టెలో మాత్రమే.

వారం నుంచి లోపల టక్... టక్... అని చప్పుడు. సరే, డీవీడీల్లోకి కాపీ చేద్దామని డిస్క్ పెడితే ‘ఈ డిస్క్ వాడటం కుదరదు’ అంటోంది. నాన్నేమో ‘ఇన్నేళ్లుగా నడుస్తున్నదాన్ని నువ్వు ముట్టుకోకు’ అంటున్నారు.

హార్డ్‌డిస్క్ ఊడదీసి కంప్యూటర్‌కి తగిలిస్తే ఫైళ్లు కనిపిస్తాయా?

#2 ఒక్క_క్లిక్

కనిపించకేం బ్రో. నాలుగు స్క్రూలు విప్పు, యూఎస్‌బీ అడాప్టర్ పెట్టు, కాపీ పేస్ట్. పది నిమిషాల పని.

#3 సోల్డర్‌పొగ

పైన చెప్పింది దయచేసి చేయకండి.

ఈ రికార్డర్లలో హార్డ్‌డిస్క్ మీద ఉండేది విండోస్‌కి తెలిసిన ఫైల్ సిస్టమ్ కాదు. ఒక్కో కంపెనీది ఒక్కో సొంత పద్ధతి. విండోస్ కంప్యూటర్‌కి తగిలించగానే ‘డిస్క్‌ని ఇనీషియలైజ్ చేయాలా’, ‘ఫార్మాట్ చేయాలా’ అని అడుగుతుంది. కంగారులో ఓకే నొక్కితే ముందున్న పట్టికలు చెడిపోతాయి. మళ్లీ రికార్డర్‌లో పెట్టినా గుర్తుపట్టదు.

రెండోది ఇంకా ముఖ్యం. రికార్డరే ఏదో ఒక రోజు ‘హార్డ్‌డిస్క్‌లో లోపం ఉంది, ఫార్మాట్ చేయాలి’ అని తెర మీద చూపించవచ్చు. అప్పుడు ఏమీ నొక్కకుండా ప్లగ్ పీకేయండి.

కొన్ని వివరాలు కావాలి. టైటిళ్లు (అంటే ఒక్కో రికార్డింగ్) ప్లే అవుతున్నాయా? ఏ రకం డీవీడీ పెట్టారు? చప్పుడు ఎప్పుడూ వస్తోందా, కొన్ని వేళల్లోనేనా?

#4 టేపుల_పెట్టె

భయపెట్టేశారు సార్. ఇంకా స్క్రూడ్రైవర్ పట్టుకోలేదు.

ప్లే అవుతున్నాయి. ఒక్క టైటిల్ మాత్రం 41వ నిమిషం దగ్గర ఆగిపోతోంది. డ్రాయర్‌లో దొరికిన డీవీడీ పెట్టాను, దాని మీద డీవీడీ+ఆర్ డీఎల్, 8.5 జీబీ అని ఉంది.

చప్పుడు సాయంత్రాలే ఎక్కువ. నాన్న ఎప్పుడో టైమర్ పెట్టారట, రోజూ ఏడున్నరకి అదే ఆన్ అయి అరగంట తర్వాత ఆగిపోతుంది. ఆ ఎర్ర లైటు వెలిగితే ‘చూశావా, బాగానే ఉంది’ అంటారు. ఆ టైటిల్ తెరిచి చూస్తే అరగంటా నల్లటి తెర. తేదీ మాత్రం రోజూ మారుతోంది.

#5 సోల్డర్‌పొగ

ముందు ఆ టైమర్ ఆపండి. ఇప్పుడే. మిగతా సంగతి తర్వాత.

జరుగుతున్నది ఇది: మీ రికార్డర్‌లోని ట్యూనర్ అనలాగ్‌ది. ఆ ప్రసారాలు ఆగిపోయాయి కాబట్టి దానికి అందేది ఏమీ లేదు. టైమర్‌కి ఆ విషయం తెలియదు. పైగా మీ నాన్నగారు ‘ఆటో రెన్యూవల్’ పెట్టినట్టున్నారు, అంటే నిన్నటి రికార్డింగ్‌ని చెరిపి ఇవాళ్టిది దాని స్థానంలో రాస్తుంది. అందుకే టైటిల్ ఒక్కటే, తేదీ మారుతోంది. పోయే దశలో ఉన్న డిస్క్ మీద రోజూ అరగంట చీకటిని చెరిపి రాయిస్తున్నారన్నమాట.

టైమర్‌ని డిలీట్ చేయక్కర్లేదు, ఆఫ్‌లో పెట్టండి చాలు. ఏ టైటిల్‌నీ చెరపవద్దు, ఎడిట్ చేయవద్దు, పేర్లు కూడా మార్చవద్దు. డిస్క్ మీద కొత్తగా ఒక్క అక్షరం రాయించకూడదు.

#6 పాత_రిమోట్

డీవీడీ తీసుకోకపోవడం డ్రైవ్ తప్పు కాకపోవచ్చు. ట్రే పక్కన ముద్రించిన గుర్తులు చూడండి. 2006 నాటి యంత్రాల్లో చాలావాటికి అన్ని రకాల డిస్కులూ పనికిరావు. ప్లస్, మైనస్ అనేవి వేర్వేరు కూటములు తెచ్చిన ఫార్మాట్లు, డ్యూయల్ లేయర్ (మీ డిస్క్ మీద ఉన్న డీఎల్) ఇంకో మెట్టు. ర్యామ్, ఆర్, ఆర్‌డబ్ల్యూ గుర్తులు మాత్రమే ఉంటే అది మైనస్ కుటుంబం. డీవీడీ-ఆర్, లేకపోతే చెరిపి మళ్లీ రాయగలిగే డీవీడీ-ఆర్‌డబ్ల్యూ తెచ్చుకోండి. ఆర్‌డబ్ల్యూలో మరీ ఎక్కువ వేగంవి కొనవద్దు. ఆ యంత్రం తయారైన నాటికి లేని డిస్కుని అది గుర్తుపట్టకపోవచ్చు. 2ఎక్స్ లేదా 4ఎక్స్ వెతకండి.

ఒక్కో డిస్కులో ఎన్ని గంటలు పడతాయనేది నాన్నగారు ఏ మోడ్‌లో, అంటే ఎంత నాణ్యతతో ఎక్కించారన్నదాన్ని బట్టి ఉంటుంది. 4.7 జీబీ డిస్కులో ఎక్స్‌పీ అయితే 1 గంట, ఎస్‌పీ 2 గంటలు, ఎల్‌పీ 4, ఈపీ 6 లేదా 8. మీ 160 జీబీ అంటే మోడ్ ఏదైనా సుమారు 34 డిస్కులు. ఎస్‌పీలో అది 68 గంటలు.

నాన్నగారు ఎస్‌పీలో ఎక్కించి ఉంటే ఆయనకి నమస్కారం చెప్పండి. చాలామంది చోటు కలిసొస్తుందని ఈపీలో ఎక్కించి, ముఖాలు గళ్లుగళ్లుగా వచ్చాక బాధపడ్డారు.

#7 నిద్రలేని_టైమర్

ఈ చర్చ చూసి నా పాతదాన్ని అటక మీంచి దించాను. నవ్వకండి.

వీసీఆర్ వాడినవాళ్లకి ఇది ఎంత వింతగా ఉండేదో ఇప్పటివాళ్లకి చెప్పడం కష్టం. కార్యక్రమం ఎనిమిదింటికి మొదలవుతుంది, నేను ఎనిమిదీ ఇరవైకి ఇల్లు చేరతాను. ఒకవైపు రికార్డ్ అవుతూనే ఉంటుంది, నేను మొదటి నుంచి చూడటం మొదలుపెడతాను. ప్రకటనలు దాటేసుకుంటూ వెళ్తే ముగింపు దగ్గర అందరితో సమానంగా చేరుకునేవాణ్ణి. దాన్ని చేజ్ ప్లే అనేవారు. టేపులో ఇది జరిగే పని కాదు, రాసే తల, చదివే తల ఒకే చోట ఉండాలి కదా.

ఇక సెట్‌టాప్ బాక్సు వచ్చాక కష్టాలు వేరు. రికార్డర్ సరైన వేళకి లేచేది, బాక్సు వేరే ఛానల్‌లో ఉండేది. దానికో చిన్న ఇన్‌ఫ్రారెడ్ తీగ ఇచ్చేవారు, బాక్సు కన్నుకి ఎదురుగా అతికిస్తే రికార్డరే రిమోట్‌లా ఛానల్ మార్చేది. మా ఇంటి పిల్లి ఆ తీగని పీకేసింది. మూడు వారాల పాటు నేను సినిమాలకి బదులు వార్తలే రికార్డ్ చేసుకున్నాను.

#8 ఒక్క_క్లిక్

సారీ, నిజంగానే అడుగుతున్నా. ఇప్పుడు అన్నీ ఫోన్‌లో వస్తున్నాయి కదా, ఇంత పెద్ద పెట్టె, 34 డిస్కులు... ఈ టెన్షన్ అంతా దేనికి?

#9 పాత_రిమోట్

ఆయన చిన్నప్పటి వీడియో ఏ యాప్‌లో వస్తుందో చెప్పు తమ్ముడూ, నేనూ సబ్‌స్క్రయిబ్ చేసుకుంటా.

#10 టేపుల_పెట్టె

టైమర్ ఆఫ్ చేశాను. నాన్నకి చెప్పలేదు.

డీవీడీ-ఆర్ తెచ్చాను, యంత్రం గుర్తుపట్టింది! కానీ కొత్త చిక్కు. కాపీ మెనూలో నాలుగైదు టైటిళ్లకే ‘హై స్పీడ్’ వస్తోంది. మిగతావి ఎంచుకుంటే ‘నార్మల్ స్పీడ్’ మాత్రమే అంటోంది, అంటే 2 గంటలది 2 గంటలు పడుతుంది. ఇంతసేపు ఆ డిస్క్ తిరగాలంటే భయంగా ఉంది.

#11 సోల్డర్‌పొగ

భయపడటం మంచిదే. సమయం ఒక్కటే కాదు, నార్మల్ స్పీడ్ అంటే వీడియోని విప్పి మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. నాణ్యత ఒక మెట్టు దిగుతుంది. హై స్పీడ్ అయితే ఉన్న ఎంపెగ్-2 డేటాని ఉన్నట్టే తీసుకెళ్లి రాస్తుంది.

కారణం సెట్టింగుల్లో ఉంటుంది. ‘హై స్పీడ్ కాపీకి అనువుగా రికార్డ్ చేయాలా’ అన్న అర్థంతో ఒక ఐచ్ఛికం ఉంటుంది. రికార్డ్ చేసేటప్పుడు అది ఆఫ్‌లో ఉంటే, ఆ టైటిల్ మామూలు డీవీడీ ప్లేయర్ చదివే వీడియో మోడ్ నియమాలకి సరిపోదు. ఇప్పుడు ఆన్ చేసినా పాతవాటికి వర్తించదు.

దారి ఉంది. డీవీడీ-ఆర్‌డబ్ల్యూ ఒకటి తెచ్చి వీఆర్ (వీడియో రికార్డింగ్) మోడ్‌లో ఫార్మాట్ చేయండి. (ఆ డిస్క్‌ని! హార్డ్‌డిస్క్‌ని కాదు! మెనూలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, రెండుసార్లు చదివి నొక్కండి.) వీఆర్ మోడ్‌కి ఆ నియమాలు వర్తించవు కాబట్టి అన్ని టైటిళ్లూ హై స్పీడ్‌లో వెళ్తాయి. 4ఎక్స్ డిస్క్ నిండటానికి పావుగంట చాలు. వీఆర్ డిస్క్ మామూలు ప్లేయర్లలో ఆడకపోవచ్చు, మీకు దానితో పని లేదు. కంప్యూటర్‌లో పెట్టండి, డీవీడీ_ఆర్‌టీఏవీ అనే ఫోల్డర్‌లో వీఆర్‌ఓ అని ఒక పెద్ద ఫైల్ ఉంటుంది. దాన్ని కాపీ చేసుకుని, డిస్క్ చెరిపి, మళ్లీ వాడుకోండి. ఆర్‌డబ్ల్యూ సుమారు వెయ్యిసార్లు చెరిపి రాయడానికి తయారైంది. 34 డిస్కులు అక్కర్లేదు, రెండు చాలు.

#12 పాత_రిమోట్

ఒక చిన్న చేర్పు. ఆ వీఆర్‌ఓలో డిస్కులోని టైటిళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి అతుక్కుని ఉంటాయి. ఎక్స్‌టెన్షన్‌ని ఎంపీజీ అని మార్చితే చాలా ప్లేయర్లు ఆడిస్తాయి, కానీ టైటిల్ మారే చోట నిడివి తికమకగా చూపిస్తాయి. ఒక్కో డిస్కుకి ఒక్క పెద్ద టైటిలే పంపితే ఈ తలనొప్పి ఉండదు. తర్వాత ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఎంకేవీ అనే ఫైల్ రకంలోకి మార్చుకోవచ్చు.

#13 చెరిపేసినవాడు

ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను, ఈసారి రాయక తప్పలేదు.

మూడో పోస్టులో చెప్పిన ‘ఫార్మాట్ చేయాలి’ అన్న తెర నాకు వచ్చింది. రాత్రి పదకొండింటికి, నిద్రమత్తులో. ‘లోపాన్ని సరిచేస్తుంది కాబోలు’ అనుకుని అవును నొక్కాను. ఎనిమిది సెకన్లు కూడా పట్టలేదు. మెనూ తెరిస్తే తెల్లగా, శుభ్రంగా, కొత్త యంత్రంలా ఉంది.

చెప్పొచ్చేదేమిటంటే, ఆ పొరపాటు చేశాక కూడా అంతా పోయినట్టు కాదు. పట్టిక పోతుంది కానీ వీడియో చాలావరకు అక్కడే ఉంటుంది, కొత్తగా ఏదీ రాయకపోతే. ఐసోబస్టర్ అనే సాఫ్ట్‌వేర్ కొన్ని కంపెనీల రికార్డర్ డిస్కులని చదవగలదు. నాది దానికి తెలిసిన రకమే. సగానికి పైగా ముక్కలు ముక్కలుగా వచ్చాయి, పేర్లు లేవు, తేదీలు లేవు. ఏ ముక్క ఏ రోజుదో ఇప్పటికీ అమ్మ పక్కన కూర్చుని తేలుస్తోంది. ‘ఈ కర్టెన్ మనం పాత ఇంట్లో వేసింది, కాబట్టి ఇది నువ్వు ఆరో తరగతి’ అంటుంది.

#14 టేపుల_పెట్టె

మీ పోస్టు చదివి రిమోట్‌లో ఓకే బటన్ మీద టేపు అతికించాను. (తర్వాత తీయాల్సి వచ్చిందనుకోండి.)

మొదటి రెండు డిస్కులు అద్భుతంగా వెళ్లాయి. మూడోది రాస్తుండగా మధ్యలో యంత్రం ఆఫ్ అయిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే ముందు గడియారం మసక మసకగా వెలిగింది, ఐదు నిమిషాలకి గానీ లేవలేదు. పోయిందా?

#15 సోల్డర్‌పొగ

ఇది హార్డ్‌డిస్క్ లక్షణంలా లేదు, పవర్ సప్లై లక్షణంలా ఉంది. ఈ పెట్టెల్లో వేడి ఎక్కువ, గాలి తక్కువ. పవర్ బోర్డు మీద చిన్న స్థూపాల్లాంటి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతాయి. పైకప్పు చదునుగా ఉండాల్సింది ఉబ్బుతుంది. అవి బలహీనపడితే డిస్క్ మోటారు తిరగడానికి ఒక్కసారిగా కావలసిన కరెంటు అందదు. అంతెందుకు, మీరు విన్న టకటక కూడా కొంత దీనివల్లే కావచ్చు. డిస్క్ సరిపడా వోల్టేజి అందక మళ్లీ మళ్లీ తలని వెనక్కి తీసుకుంటున్నా అదే చప్పుడు వస్తుంది.

మార్చడం పెద్ద పని కాదు, కానీ మీరు చేయకండి. అదే బోర్డు మీద మెయిన్స్ వైపు ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది. 230 వోల్టుల కరెంటు ఉన్నచోట అది 325 వోల్టుల దాకా నింపుకుంటుంది, ప్లగ్ పీకాక కూడా కాసేపు పట్టుకుని ఉంటుంది. టీవీలు బాగుచేసే వాళ్లెవరి దగ్గరికైనా తీసుకెళ్లి ‘పవర్ బోర్డులో సెకండరీ వైపు కెపాసిటర్లు చూడండి, హార్డ్‌డిస్క్ ముట్టుకోకండి’ అని చెప్పండి. ఆ రెండో సగం కాగితం మీద రాసి పెట్టె మీద అతికించండి.

#16 నిద్రలేని_టైమర్

బాగుచేయడం కుదరకపోతే ఆఖరి దారి ఒకటుంది, చెప్పి ఉంచుతాను. రికార్డర్ ప్లే చేయగలిగినంత కాలం వెనక ఉన్న ఎస్-వీడియో, ఆడియో సాకెట్ల నుంచి యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి తీగ వేసి కంప్యూటర్‌లోకి పట్టుకోవచ్చు. పసుపు రంగు కాంపోజిట్ కంటే ఎస్-వీడియో నయం, వెలుగు, రంగు వేర్వేరు తీగల్లో వస్తాయి. 60 గంటల వీడియోకి 60 గంటలు పడుతుంది. వారాంతాలు పోతాయి.

#17 ఒక్క_క్లిక్

లేదంటే ఫోన్‌తో టీవీని షూట్ చేసి, ఏఐతో ఫోర్‌కే చేయించుకోవచ్చు.

#18 పాత_రిమోట్

ఒద్దు నాయనా. వీడియో8లో ఉన్నదే అంతంత మాత్రం. దాన్ని ఏఐకి ఇస్తే లేని కనురెప్పలు గీసి పెడుతుంది, మనవాళ్ల ముఖాలు మనవాళ్లవిలా ఉండవు. అసలు ఫైల్ చేతికొచ్చాక ఎవరికి కావలసినట్టు వాళ్లు ఆడుకోవచ్చు. ముందు అసలు ఫైల్ రానివ్వండి.

#19 టేపుల_పెట్టె

రెండు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించండి.

మూడు కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయట, మార్చారు. టక్ టక్ పూర్తిగా పోలేదు కానీ చాలా తగ్గింది. యంత్రం ఇప్పుడు వెంటనే లేస్తోంది. రెండు ఆర్‌డబ్ల్యూలనే తిప్పి తిప్పి వాడి మొత్తం 29 విడతలు కాపీ చేశాను. అన్నీ ఎస్‌పీయే. నాన్నకి మీ నమస్కారం అందజేశాను, ‘ఎవరాయన?’ అన్నారు.

41వ నిమిషం దగ్గర ఆగే టైటిల్ ఒక్కటే రావడం లేదు. హై స్పీడ్ కాపీ ఆ చోటికి రాగానే మొత్తం రద్దవుతోంది. ఆ టైటిల్‌ని అక్కడ రెండుగా చీల్చితే?

#20 సోల్డర్‌పొగ

చీల్చడం అంటే డిస్క్ మీద రాయడమే. మిగతావన్నీ బయటికి వచ్చాయి కాబట్టి ఇప్పుడు ధైర్యం చేయవచ్చు, కానీ అంతకంటే మంచి పద్ధతి ఉంది. ఇప్పుడు హార్డ్‌డిస్క్ విప్పండి. ఐడీఈ రకం (వెడల్పాటి పాత కనెక్టర్ ఉండేది) అయి ఉంటుంది, వెనక జంపర్ ఏ స్థానంలో ఉందో ఫొటో తీసుకోండి. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో సెక్టారుకి సెక్టారు ఇంకో డిస్క్ మీదకి క్లోన్ చేయండి, అంటే ఉన్నదున్నట్టు నకలు తీయండి. అది ముందు బాగున్న చోట్లన్నీ చదివేసి, మొండికేసే చోట్లకి ఆఖరున తిరిగి వస్తుంది, ఎక్కడ ఆగిందో ఒక ఫైల్‌లో గుర్తుపెట్టుకుంటుంది. మూలం ఏది, గమ్యం ఏది అన్నది తారుమారైతే మాత్రం దేవుడు కూడా కాపాడడు. ఎంటర్ కొట్టే ముందు మోడల్ నంబర్లు గట్టిగా పైకి చదవండి.

ఇలా క్లోన్ చేస్తే రికార్డర్ సొంత ఫైల్ సిస్టమ్ కూడా యథాతథంగా వస్తుంది. కొన్ని మోడళ్లు కొత్త డిస్క్‌ని ఒప్పుకోవు, సర్వీస్ మెనూలోంచి నమోదు చేయాలి. మీది ఒప్పుకుంటుందో లేదో పెట్టి చూడటమే.

#21 టేపుల_పెట్టె

ఒప్పుకుంది!!

డీడీరెస్క్యూ రాత్రంతా నడిచింది. 160 జీబీలో చదవలేకపోయింది 2 ఎంబీ కూడా లేదు. క్లోన్‌ని రికార్డర్‌లో పెడితే పాత మెనూ అలాగే వచ్చింది. ఆ మొండి టైటిల్ కూడా 41వ నిమిషంలో ఓ రెండు క్షణాలు రంగు గళ్లు చూపించి ముందుకెళ్లిపోయింది. అక్కడ ఏముందంటే, చెల్లి క్యామ్‌కార్డర్ లెన్స్‌ని నాకుతోంది. ఇంత కష్టం దానికోసమా అని తనే నవ్వింది. ఫైళ్లన్నీ రెండు వేర్వేరు డ్రైవ్‌లలో పెట్టాను.

ఒక సంగతి మిగిలింది. నాన్నకి టైమర్ విషయం తెలిసిపోయింది. రికార్డర్ ఇంటికి తిరిగొచ్చిన మొదటి రోజే ఏడున్నరకి దాని ముందు నిలబడి ‘లైటు వెలగలేదేం?’ అని అడిగారు. ఆఫ్ చేశానని చెప్పాను. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఇది ఇంకా ఏదైనా రికార్డ్ చేసే అవకాశం ఉందా? నల్ల తెర కాకుండా?

#22 నిద్రలేని_టైమర్

ఎందుకు లేదు. సెట్‌టాప్ బాక్సు ఏవీ అవుట్‌ని రికార్డర్ వెనక లైన్ ఇన్‌పుట్‌కి కలపండి. టైమర్‌లో ఛానల్ నంబర్‌కి బదులు ఎల్1 (ఆ లైన్ ఇన్‌పుట్ పేరు) ఎంచుకోండి. ఏడున్నరకి బాక్సు ఆయనకి కావలసిన ఛానల్‌లో ఆన్‌లో ఉంటే చాలు. గడియారం మాత్రం చేత్తో సరిచేయాలి. ఆటో క్లాక్ ఆఫ్ చేయండి, అది పాత ప్రసారంలో వచ్చే సమయ సంకేతం కోసం వెతుకుతూ ఉంటుంది.

పిల్లి ఉంటే తీగలు జాగ్రత్త.

#23 టేపుల_పెట్టె

పెట్టాను. నిన్న ఏడున్నరకి ఎర్ర లైటు వెలిగింది. ఏడూ ముప్పై ఐదుకి నాన్న మొదటి నుంచి చూడటం మొదలుపెట్టారు, చేజ్ ప్లే ఆయనకి ఇంకా గుర్తుంది. నాకు మాత్రం రిమోట్ ఇవ్వడం లేదు.

#24 ఒక్క_క్లిక్

బ్రో, ఆ ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ ఏ రకంది వాడారు? కరెంటు విడిగా ఇవ్వాలా? మా బాబాయి ఇంట్లో ఒక రికార్డర్ దొరికింది. ఆన్ చేయగానే తెర మీద ఏదో అడుగుతోంది. ఏమీ నొక్కకుండా ప్లగ్ పీకేశాను.